అద్దె బాబాయి కొన్న కెమెరా

ఆ షాపుకి వచ్చేవాళ్ళెవరూ ఆయన్ని పేరుపెట్టి పిలవరు. పెళ్ళి ఫొటోలు తీసేవాళ్ళు, సెలవుల్లో కొండలెక్కే ఉద్యోగస్తులు, కెమెరా ఎటు పట్టుకోవాలో తెలియకుండానే ఖరీదైన లెన్సు అడిగే బడాయిగాళ్ళు, అందరికీ ఆయన అద్దె బాబాయే. కెమెరాలు అద్దెకిచ్చే షాపులో పనిచేస్తాడు కాబట్టి ఆ పేరు వచ్చిందని కొత్తవాళ్ళు అనుకుంటారు. అదేం కాదు. ఆ మనిషి బతుకంతా అద్దెదే. ఉండే ఇల్లు అద్దెది, ఇంట్లో ఫ్రిజ్జు అద్దెది, ఆఖరికి పెళ్ళినాడు వేసుకున్న కోటు కూడా అద్దెదే. "ఆ కోటు జేబులో రుమాలు దొరికిందండీ. విప్పి చూస్తే దానిమీద ఇంకో పెళ్ళికూతురి పేరు కుట్టి ఉంది" అని ఆయన భార్య కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పి, అవతలివాళ్ళకంటే ముందు తనే పగలబడి నవ్వేది.

ఆయన మాత్రం నవ్వేవాడు కాదు. "కొన్న వస్తువు మన నెత్తినెక్కి కూర్చుంటుంది. అద్దెది పని అయిపోగానే దాని దారిన అది పోతుంది" అనేవాడు. ఇది పిసినారితనం అనడానికి లేదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న వాయిదాల మీద కొన్న సామానంతా ఒక్కొక్కటిగా ఎవరో వచ్చి మోసుకుపోవడం గుమ్మంలో నిలబడి చూసినవాడు. ఆ తర్వాత సొంతం అనే మాటంటేనే ఆయనకి గిట్టలేదు. మన భయాలన్నీ ఇలాగే మొదలవుతాయి, పెద్దయ్యాక వాటికే మనం తెలివి అని పేరు పెట్టుకుంటాం.

షాపులో ఒక పక్క అద్దె సామాను, ఇంకో పక్క అద్దాల అలమర. అద్దెకి తిరిగి తిరిగి పాతబడ్డ కెమెరాల్ని ఆ అలమరలో పెట్టి తక్కువ ధరకి అమ్ముతారు. అక్కడ నిలబడి ఎవరైనా ఆశగా చూస్తున్నారంటే చాలు, బాబాయి వెళ్ళి వాళ్ళ గాలి తీసేసేవాడు. "ఎన్నాళ్ళ ప్రయాణం బాబూ? ఒక్క ప్రయాణానికి కొనేదేంటి? వీటిల్లో ఏది ఎన్నిసార్లు కిందపడిందో నాకు తెలుసు. లోపల బూజు పట్టిన లెన్సుంటే నీకు తెలుస్తుందా? అద్దెకి తీసుకో, చెడితే మా నెత్తిన కొట్టు." వచ్చిన బేరాన్ని ఇలా చేతులారా తిప్పి పంపేస్తుంటే యజమాని పళ్ళు నూరుకునేవాడు. కానీ ఏమీ అనేవాడు కాదు. తన నాన్న కాలం నుంచీ షాపులో ఉన్న మనిషి. పైగా తిరిగొచ్చిన సామాను చూసే బల్ల దగ్గర బాబాయి అంత నమ్మకస్తుడు ఇంకొకడు దొరకడు.

ఆ బల్ల దగ్గర ఆయన పని చూసి తీరాలి. సంచీ విప్పుతాడు, కెమెరాలోంచి ఫొటోలు నిలవుండే కార్డు లాగి తుడిచే యంత్రంలో పెడతాడు, టార్చి వేసి లెన్సు లోపల చూస్తాడు, మీటలన్నీ నొక్కి చూస్తాడు, గుడ్డతో తుడుస్తాడు, ఆఖరున సంచీ జేబులన్నీ తడిమి చూస్తాడు. నోరు ఎవరితోనో మాట్లాడుతూ ఉంటుంది, చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటాయి. తుడిచే యంత్రం అంటే చిన్న పెట్టె, ఒకేసారి నాలుగు కార్డులు పడతాయి. ఎర్రదీపం వెలిగినంతసేపూ కార్డు నిండా పిచ్చిగీతల్లాంటివి రాసుకుంటూ పోతుంది. పచ్చదీపం వెలిగిందంటే అందులో ఉన్న ఫొటోల్ని ఇక ఎవరూ వెనక్కి తేలేరు.

ఆ యంత్రం కొనిపించింది కూడా ఆయనే. అంతకుముందు మామూలుగా చెరిపేసి ఊరుకునేవాళ్ళు. ఒకసారి కార్డు అద్దెకి తీసుకున్న ప్రబుద్ధుడెవడో, అంతకుముందు వాడుకున్న కొత్త దంపతుల ఫొటోల్ని ఏదో ఉపాయం పన్ని బయటికి లాగి ఊరంతా పంచిపెట్టాడు. ఆ అమ్మాయి తండ్రి వచ్చి ఈ బల్లమీద తల ఆనించి ఏడ్చాడు. తిట్టినా బాగుండేది. ఆ రోజే బాబాయి యజమానితో, "బాబూ, ఈ యంత్రం తెప్పిస్తేనే రేపట్నుంచి నేను పనిలోకి వస్తాను" అని తెగేసి చెప్పాడు. జీవితంలో ఆయన పట్టుబట్టి కొనిపించిన వస్తువు అదొక్కటే.

ఇక ఆయన భార్య. ఒక స్టూడియోలో ఫొటోలు దిద్దే పనిలో చేరి, ఫిల్ము రోజుల నుంచీ కంప్యూటరు రోజుల దాకా అదే కుర్చీలో కూర్చున్న మనిషి. పెళ్ళికూతుళ్ళ మొటిమలు, ముసలాళ్ళ కళ్ళకింది సంచులు, పిల్లల మొహాలమీది గాట్లు, అన్నీ ఆవిడ చేతిమీదుగా మాయమయ్యాయి. కానీ కెమెరా మాత్రం ఎవరూ ఎప్పుడూ ఆవిడ చేతికివ్వలేదు. "నేను తీసిన ఫొటో ఈ భూమ్మీద ఒక్కటి కూడా లేదు. అందరి మచ్చలూ తుడవడమే సరిపోయింది" అనేది. నవ్వుతూనే అనేది కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు, ఆయనతో సహా.

ఉన్నట్టుండి ఆవిడ గుమ్మాలకి భుజాలు కొట్టుకోవడం మొదలుపెట్టింది. పక్కనే ఉన్న గ్లాసు కనపడక చేత్తో తోసేసేది. "కళ్ళు నెత్తిమీద పెట్టుకుని నడుస్తావేంటి?" అని ఆయన కసురుకునేవాడు. ఈ మాట తర్వాత ఆయన్ని చాలాకాలం కాల్చింది. కంటి డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, ఉన్నమాట ఉన్నట్టు చెప్పింది. "పక్కల చూపు పోయిందమ్మా. మధ్యలో గుండ్రంగా ఇంత మిగిలింది. అది కూడా మెల్లగా పోతుంది. దీనికి మందు లేదు. చూడాలనుకున్నవి ఏమైనా ఉంటే మాత్రం వాయిదా వెయ్యకండి."

మెట్లు దిగుతూ ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని, "వేరే డాక్టరుకి చూపిద్దాం" అన్నాడు.

"చూపించండి. కానీ ముందు నన్ను ఆ మడుగుల దగ్గరికి తీసుకెళ్ళండి. చలికాలం పక్షులొస్తాయే, అక్కడికి."

"అలాగే, చూసొద్దాం."

"చూడ్డానికి కాదండీ. ఫొటోలు తీస్తాను. నేనే తీస్తాను."

ఆ వారంలోనే ఆవిడ షాపుకొచ్చి అలమర ముందు నిలబడింది. ఒక్కో కెమెరా తీయించి, మొహం అటు తిప్పుకుని వేళ్ళతో తడిమి చూసింది. ఆఖరికి బరువుగా, మొరటుగా ఉన్నదాన్ని పట్టుకుని వదల్లేదు. "దీని మీటలు ఎత్తుగా ఉన్నాయండీ. దేన్ని నొక్కుతున్నానో వేలికి తెలుస్తోంది. మీ కొత్తవాటికి అంతా నున్నటి అద్దమే. నా వేళ్ళకి అలవాటు పడాలి కదా, రేపు అవే దిక్కు. ఇది కొనండి."

"దాని పట్టు రబ్బరు ఊడిపోతే నేనే అంటించాను. ఎన్ని పెళ్ళిళ్ళు తిరిగిందో తెలుసా అది?" అన్నాడు బాబాయి.

"నేను తిరగలేదా ఏంటి మీతో? పనిచేస్తూనే ఉన్నాగా."

యజమాని నవ్వేశాడు. "పిన్నీ, నీకు ఇంకా తగ్గించి ఇచ్చేస్తాను, తీసుకుపో. బాబాయ్, ఒక్కసారి నీ జేబులోంచి చెయ్యి బయటికి తియ్యవయ్యా" అన్నాడు.

ఆయనకి ఉడుకుమోత్తనం వచ్చింది. తన మాట తన బల్ల దగ్గరే చెల్లకుండా పోతోందనిపించింది. "ఒక్క ప్రయాణానికి కొనేదేంటి? మంచి కొత్తది, పెద్ద లెన్సుతో, నాకు సగం అద్దెకే ఇస్తారు. కొంటే తర్వాత దాన్నేం చేసుకుంటావు?" అనేశాడు.

అనేశాక గానీ ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. యజమాని గబుక్కున ఫోను చూసుకోసాగాడు. ఆవిడ ఆ కెమెరాని తడుముకుంటూ అలమరలో దాని చోట అది పెట్టేసి, "సరే, అద్దెకే తీసుకురండి" అంది. ఆయన 'అది కాదు నా ఉద్దేశం' అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. మగాళ్ళకి ఆ ఒక్క మాట నోటికి రావడం ఎంత కష్టమో ఆడవాళ్ళనడిగితే చెప్తారు.

కొత్త కెమెరా, పొడవాటి లెన్సు, మూడుకాళ్ళ స్టాండు, కార్డు, అన్నీ షాపు నల్లసంచీలో సర్దుకుని బస్సెక్కారు. మడుగుల పక్క చెక్కవంతెన మీద తెల్లారుతుండగానే ఆవిడ్ని నిలబెట్టాడు. నీళ్ళమీద మంచు, అందులో బారులు తీరిన పక్షులు. ఆవిడ కెమెరా కన్నంలో కన్ను పెట్టి, చాలాసేపు కదలకుండా ఉండిపోయింది. తర్వాత నొక్కడం మొదలుపెట్టింది. అంతకాలం ఇతరుల ఫొటోల్లో ఏది బాగుందో ఏది బాగోలేదో చూసిన మనిషి కదా, ఎక్కడ ఆగాలో, ఎక్కడ నొక్కాలో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆయన పక్కన నిలబడి బ్యాటరీలు మార్చాడు, గొడుగు పట్టాడు, మాట్లాడొద్దంటే నోరు మూసుకున్నాడు.

మధ్యలో ఆవిడే ఆయన్ని పిలిచింది. "ఇందులోంచి చూడండి ఒకసారి. ఇంతేనా కనిపిస్తోంది?"

"ఇంతే. చుట్టూ నలుపు."

"నాకెప్పుడూ ఇంతేనండీ. ఈ కెమెరా కన్నంలో మాత్రం అందరూ నాలాగే చూస్తారు" అని సంబరంగా అంది.

ఆయన కన్ను తీయగానే రెండు పక్కలా గట్లు, తుప్పలు, ఆకాశం, అన్నీ ఒక్కసారిగా విచ్చుకున్నాయి. ఆవిడకి విచ్చుకోవు. అప్పటిదాకా ఆయనకి ఆ జబ్బు డాక్టరు చెప్పిన మాట మాత్రమే, అప్పుడు అర్థమైంది. తుప్పలవైపు మొహం తిప్పుకుని ముక్కు తుడుచుకున్నాడు.

తీసినవి వెనక తెరమీద చూడమంటే ఆవిడ ససేమిరా అంది. "ఫిల్ము రోజుల్లో ఇంటికెళ్ళేదాకా చూసేవాళ్ళమా? అగ్గిపెట్టంత తెరలో చూసి మురిసిపోయే మొహమా నాది? పెద్దగా వేయిస్తాను. మంచం ఎదురుగా గోడకి నాలుగు ఫొటోలు. పొద్దున్న లేవగానే, ఈ గుండ్రంలో చూపు ఉన్నన్నాళ్ళూ, నేను తీసినవి నేను చూసుకుంటాను."

"ఇంటాయన మేకులు కొట్టనివ్వడు" అన్నాడు ఆయన.

"కొట్టాక ఏం చేస్తాడు? ఖాళీ చేయమంటాడు, చేద్దాం. మీకు అద్దెకొంపలకి కొదవా?"

ఆయన కూడా నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు.

తిరిగొచ్చిన రోజు పొద్దున్నే ఆవిడ్ని బస్టాండులో ఆటో ఎక్కించి, ఆయన సంచీ భుజాన వేసుకుని తిన్నగా షాపుకి బయల్దేరాడు. గడువు ఆ రోజే. ఆలస్యం చేసినవాళ్ళని కడిగిపారేసే మనిషి తనెలా ఆలస్యం చేస్తాడు? "ఫొటోలు జాగ్రత్తండీ" అంది ఆవిడ ఆటోలోంచి. "నా చేతుల్లో ఉన్నాయి, ఇంకేం భయం?" అన్నాడు. ఇంట్లో కంప్యూటరు లేదు. మధ్యాహ్నం షాపు ఖాళీగా ఉన్నప్పుడు అక్కడి కంప్యూటరులోకి ఎక్కించి, అటునుంచటే స్టూడియోకి తీసుకెళ్ళాలని ఆయన ఆలోచన.

షాపులో చూస్తే కాలు పెట్టే చోటు లేదు. పెళ్ళిళ్ళ రోజులు. ముందురోజు తీసుకెళ్ళినవాళ్ళంతా ఒకేసారి తెచ్చి పడేశారు, ఇవాళ తీసుకెళ్ళాల్సినవాళ్ళు అవతల కేకలు. "బాబాయ్, వచ్చావా, బతికించావ్! ముందు ఆ సంచీలు చూడు, జనం మీద పడిపోతున్నారు" అని యజమాని అరిచాడు. ఆయన భుజాన ఉన్న సంచీ బల్ల చివర పెట్టి చొక్కా చేతులు మడిచాడు. బల్లమీదున్నవన్నీ షాపు సంచీలే. అన్నీ నలుపే, అన్నిటికీ అదే తాళ్ళు, అదే బిళ్ళ.

పెళ్ళి ఫొటోలవాడొకడు స్టాండు మర విరగ్గొట్టి తెచ్చి, ముందే విరిగి ఉందని దబాయిస్తున్నాడు. బాబాయి వాడితో వాదన పెట్టుకున్నాడు. నోరు వాడితో, చేతులు సంచీలతో. ఒకటి విప్పాడు, కార్డు లాగాడు, యంత్రంలో పెట్టాడు. ఇంకోటి విప్పాడు. ఇంకోటి. "మూడు కాళ్ళూ సరిగ్గా ఉన్నాయని నువ్వే సంతకం పెట్టావయ్యా, ఆ రోజు కళ్ళెక్కడున్నాయి?" అని వాణ్ణి నిలదీస్తూనే కెమెరా తుడిచాడు, టార్చి వేశాడు, మీటలు నొక్కాడు. లెన్సు శుభ్రంగా ఉంది. ఎవరో గానీ జాగ్రత్తగా వాడుకున్నారు అనుకున్నాడు. ఆఖరున పక్కజేబులో చెయ్యి పెట్టాడు.

సగం తిన్న బిస్కెట్ల పొట్లం చేతికొచ్చింది. నలగకుండా మడిచి, జుట్టుకి పెట్టుకునే రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. ఎవరో పాపం మర్చిపోయారు అనుకుంటూ, మర్చిపోయిన సామాను వేసే డబ్బా వైపు చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. రబ్బరు బ్యాండుకి నెరిసిన వెంట్రుకలు రెండు చిక్కుకుని ఉన్నాయి.

ఆయన తల తిప్పి యంత్రం వైపు చూశాడు. పచ్చదీపం వెలిగి ఉంది.

గబగబా కార్డు లాగి కంప్యూటరులో పెట్టాడు. మళ్ళీ లాగి మళ్ళీ పెట్టాడు. "బాబాయ్, ఏమైంది, కళ్ళు తిరుగుతున్నాయా?" అని యజమాని పరిగెత్తుకొచ్చాడు. స్టాండు విరగ్గొట్టినవాడు కూడా దబాయింపు మానేసి మంచినీళ్ళు అందించాడు. ఆయన ఆ నీళ్ళు తాగకుండా, కార్డు పిడికిట్లో పట్టుకుని వీధిలోకి వెళ్ళిపోయాడు. పోయిన ఫొటోలు వెనక్కి తెచ్చే మనిషి నాలుగు వీధుల అవతల ఉన్నాడు. అతను సాయంత్రం దాకా తన విద్యలన్నీ ప్రయోగించి చూసి, ఆఖరికి తలెత్తి, "ఎవరు తుడిచారో గానీ సార్, చాలా బాగా తుడిచారు" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి తలుపు తీసే ఉంది. ఆవిడ స్టూలెక్కి దిగినట్టుంది, కొప్పునిండా సున్నం పొడి. మంచానికి ఎదురుగా గోడమీద నాలుగు మేకులు. తిన్నగా, జానలతో కొలిచి కొట్టింది. "ఒకసారి వేలిమీద కొట్టుకున్నాను, ఏం పర్లేదు. స్టూడియోవాళ్ళు ఎప్పుడిస్తామన్నారు?" అంది.

దారంతా ఆయన అబద్ధాలు కూర్చుకుంటూ వచ్చాడు. కార్డు పాడైందనో, బస్సులో ఎవరో కొట్టేశారనో. ఆ మేకులు చూశాక ఒక్కటీ నోటికి రాలేదు. మంచం అంచున కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. ఆవిడ సుత్తి ఒళ్ళో పెట్టుకుని విన్నది. తిడుతుందనుకున్నాడు, ఏడుస్తుందనుకున్నాడు, రెండూ జరగలేదు.

"కార్డు కూడా అద్దెదేనా?" అంది.

"అన్నీ కలిపే ఇస్తారు కదా."

"వేలెడంత కార్డండీ. అదైనా కొనలేదా?"

ఆయన లేచి ఆవిడ ఒళ్ళోంచి సుత్తి తీసి పక్కన పెట్టాడు. ఆ పూట ఇద్దరూ అన్నం తినలేదు.

మర్నాడే మళ్ళీ మడుగులకి వెళ్దామన్నాడు. కానీ పెళ్ళిళ్ళ రద్దీ తగ్గి సెలవు దొరికాకే, రెండు నెలలకి వెళ్ళగలిగారు. చలి తగ్గింది, పక్షులు లేచిపోయాయి, ఎండిన బురదలో గేదెలు పడుకుని ఉన్నాయి. మళ్ళీ చలికాలానికి వద్దామని ఆయన అన్నాడు. ఆవిడ సరేనంది. ఎండాకాలం మధ్యలో ఒకరోజు పొద్దున్న లేచి, "ఇవాళ కిటికీ తెరవలేదేంటండీ?" అని అడిగింది. కిటికీ తెరిచే ఉంది. మొహంమీద ఎండ పడుతోంది.

బల్ల దగ్గర బాబాయి ఇప్పటికీ అదే పని చేస్తున్నాడు. కానీ ఎవరు సంచీ తెచ్చినా ముందు చేతులు వెనక్కి కట్టుకుంటాడు. "ఫొటోలు తీసేసుకున్నారా? అన్నీ తీసుకున్నారా? ఇంకోసారి చూసుకోండి" అని రెండుసార్లు, మూడుసార్లు అడుగుతాడు. "బాబాయికి చాదస్తం పట్టుకుంది" అని కొందరు నవ్వుకుంటారు. కొత్తగా కెమెరా అద్దెకి అడిగేవాళ్ళతో, "కార్డు మాత్రం మీదే తెచ్చుకోండి" అంటాడు. అంతకుమించి ఏమీ చెప్పడు. అలమర దగ్గర ఎవరైనా నిలబడితే అటు వెళ్ళడు.

ఆ పాత కెమెరా ఇంకా అలమరలోనే ఉంది. ఆ మొరటుదాన్ని ఎవరూ కొనలేదు, లేదా యజమాని అమ్మకుండా ఉంచాడు. ఒకరోజు సాయంత్రం ఆయన దాన్ని తనే తీసి బల్లమీద పెట్టాడు. కొత్త కార్డొకటి పక్కన పెట్టాడు. "జీతంలో పట్టుకో బాబూ" అన్నాడు. యజమాని ఆయన మొహం చూసి, సంచీలో పెట్టి ఇచ్చాడు. షాపు సంచీలో వద్దని, దాన్ని ఆయన చేతుల్లోనే పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళాడు.

ఆవిడ మంచంమీద కూర్చుని ఉంది. ఆయన కొత్త కార్డు అందులో వేసి ఒళ్ళో పెట్టగానే ఆవిడ వేళ్ళు దానిమీద పాకాయి. ఎత్తు మీటలు, ఊడిపోతే అంటించిన రబ్బరు. అది ఏ కెమెరానో ఆవిడకి తెలిసిపోయింది.

"ఎన్నాళ్ళకి తెచ్చారు?"

"కొన్నాను."

ఆవిడ "తర్వాత నేనేం చేసుకుంటానని?" అంది మెల్లగా. ఎత్తిపొడుపులా లేదు, నిజంగానే అడుగుతున్నట్టుంది. ఆయన చటుక్కున వెనక్కి తిరిగి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఏడుపు వినపడకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఎక్కడున్నారు?"

"ఇక్కడే. గోడ దగ్గర."

ఆ గొంతు వచ్చిన వైపుకి ఆవిడ కెమెరా ఎత్తి, అలవాటు కొద్దీ కన్నంలో కన్ను పెట్టి, నొక్కింది. "మీరే వచ్చి చూడండి. వచ్చారా అందులో?"

ఆయన దగ్గరికొచ్చి వెనక తెరమీద చూశాడు. అబద్ధం చెప్పాలనిపించింది. కానీ ఆ ఇంట్లో ఇక అబద్ధానికి చోటు లేదు. "నేను రాలేదు. భుజం ముక్క వచ్చింది. మిగతాదంతా గోడే. మేకులొచ్చాయి."

"నాలుగూ వచ్చాయా?"

"మూడే."

ఆవిడ తల ఊపింది. పాడైన ఫొటోలని తీసేసే మీట మీదికి ఆయన బొటనవేలు దానంతటదే వెళ్ళింది. ఆవిడ చెయ్యి తడుముకుంటూ వచ్చి ఆ వేలిని పట్టుకుంది.

"ఉండనివ్వండి. అది నేను తీసింది."